కంబళ్లు తెచ్చిన బాలిక

మా హయత్‌నగరునకు ఆ పేరు ఒక రాజకుటుంబపు స్త్రీనిబట్టి వచ్చినది. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు హయాత్ బక్షీ బేగము 17వ శతాబ్దమున ఇక్కడ ఒక మసీదును, దాని చుట్టును బాటసారులకు విడిది గదులను కట్టించెను. గోలకొండనుండి మచిలీబందరు రేవునకు పోవు బాట ఇదియే. సముద్రమునకు పోవువారు ఇక్కడ మూటలు దించి, ఒక రాత్రి నిద్రించి, తెల్లవారి లేచి పోయెడివారు. ఆ పల్లె ఇప్పుడు హైదరాబాదులో కలిసిపోయినది గాని, బాట మాత్రము నిలిచియున్నది. విజయవాడకును గుంటూరునకును పోవు బస్సులు రేయింబవళ్లు ఆ బాటమీదనే పరుగెత్తుచున్నవి.

ఇటువంటి ఊరిలో కాపురమున్నవానికి ప్రయాణములు క్రొత్త గావు. అయినను గత సంవత్సరము మా మనుమరాలు చదువుకొరకు అమెరికాకు పోవు దినము దగ్గరపడినప్పుడు మా యింటిలో ఎవరికిని అన్నము సహింపలేదు. దిల్‌సుఖ్‌నగరునకు పోయి పెట్టెలు కొంటిమి, చలికోటు కొంటిమి, పచ్చళ్లు కట్టితిమి. ప్రయాణమునకు ముందటి రాత్రి సంఘపువారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లిరి. అందరును వెళ్లిన తరువాత పిల్ల నా ప్రక్కన కూర్చుండి, “తాతా, నిద్ర వస్తలేదు, ఏమన్న చెప్పు” అనెను. మా అక్క గోడకు చేరగిలబడి చింతపండులోని గింజలు తీయుచుండెను. మా బావ పోయిన తరువాత ఆమె మాయొద్దనే యున్నది. అప్పుడు నేను చదివియున్న ఒక సంగతి వారికి చెప్పితిని. ప్రియ చదువరులారా, దానిని మీకును చెప్పెదను.

అది గుంటూరులో మొదలగును. 1842లో హయ్యరు దొరగారు గుంటూరునకు వచ్చి లూథరను మిషను పని ప్రారంభించిన సంగతి మన పెద్దలెరుగుదురు. తరువాతి కాలమున ఆ మిషనులో పనిచేసిన అమెరికావారిలో అలెన్ బెకరుగారొకరు. ఆయన భార్య నెల్లీ బెకరమ్మగారు. వారి పెద్దకుమార్తె రూతు 1899లో గుంటూరులోనే పుట్టినది. 1912 నాటికి ఆ బాలికకు పండ్రెండేండ్లు. చెల్లెలు మేరియనుకు నాలుగేండ్లు. తమ్ముడు రిచర్డుకు రెండేండ్లు నిండలేదు. ఆ చంటివాడు జబ్బుపడెను. ఈ దేశములో ఉంచిన బ్రదుకడని వైద్యులు చెప్పిరి. బెకరుగారు పని విడిచి రాలేకపోయిరి. కాబట్టి ఆ తల్లి ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని బయలుదేరెను.

ఆ దినములలో ఇక్కడినుండి అమెరికాకు పోవుట వారముల తరబడి పని. మొదట ఇంగ్లండునకు పోయి, అక్కడ ఓడ మారి, అట్లాంటికు మహాసముద్రమును దాటవలెను. ఆ సముద్రముమీద కంపెనీలు ఒకదానిని మించి యొకటి గొప్ప ఓడలను నడుపుచుండెను. ధనికులకు మొదటి తరగతి. క్రొత్త దేశములో బ్రదుకుతెరువు వెదకికొను బీదలకు మూడవ తరగతి. పంతుళ్లు, పాదిరీలు మొదలైనవారికి నడిమి తరగతి. బెకరమ్మగారు బిడ్డలతో ఆ నడిమి తరగతిలో ఎక్కెను. ఆ ఓడ 1912 ఏప్రిలు 10న సౌతాంప్టను రేవునుండి మొదటిసారి బయలుదేరిన టైటానికు.

దాని నిడివి 269 మీటర్లు. అందులో నుండినవారు సుమారు 2,200 మంది. ప్రాణరక్షణ పడవలు ఇరువది. అవన్నియు నిండినను 1,178 మందికే చోటు. కంపెనీవారు చట్టమును మీరలేదు, చట్టమే అట్లుండెను. ఓడలు చిన్నవిగానున్నప్పుడు వ్రాసిన లెక్క అది. ఓడలు పెరిగెను గాని లెక్క పెరుగలేదు.

ఏప్రిలు 14, ఆదివారము రాత్రి 11.40 గంటలకు ఓడ మంచుకొండకు తగిలెను. యంత్రముల చప్పుడు ఆగిపోగా ఆ నిశ్శబ్దమునకు బెకరమ్మగారికి మెలకువ వచ్చెను. బట్టలు మార్చుకొనుటకైనను సమయము లేదని ఓడ పనివాడు చెప్పెను. ఆమె బిడ్డలను లేపి పైకి తెచ్చెను. పైన చలి యెముకలు కొరుకుచుండెను. తల్లి రూతును చూచి, క్రిందికి పోయి కంబళ్లు తెమ్మనెను. పెద్దపిల్ల గదా, ఆమెనే పంపవలెను. రూతు ఆ మునుగుచున్న ఓడలో మరల మెట్లు దిగిపోయి మూడు కంబళ్లు తెచ్చెను.

11వ పడవలో ఓడవారు చిన్నవారిద్దరిని ఎక్కించి, ఇక చోటు లేదనిరి. నా బిడ్డలను విడిచి యుండలేనని తల్లి కేక వేయగా ఆమెను ఎక్కనిచ్చిరి. పడవ క్రిందికి దిగుచుండెను. రూతు మాత్రము ఓడమీదనే నిలిచియుండెను. మరియొక పడవ యెక్కుమని తల్లి క్రిందనుండి అరచెను.

రూతు 13వ పడవయొద్దకు పోయి, నేనెక్కవచ్చునా అని అడిగెను. ఒక అధికారి ఆమెను ఎత్తి పడవలో వేసెను. ఆ పడవ నీటిమీద ఆనిన వెంటనే 15వ పడవ సరిగా వారి తలలమీదికి దిగివచ్చుచుండగా, త్రాళ్లు కోసి రెప్పపాటులో తప్పించుకొనిరి. ఆ పడవలో ఓడ అడుగున బొగ్గు వేయు కూలీలుండిరి. కొలిమి వేడిలోనుండి చేతులులేని చొక్కాలతోనే వచ్చినవారు గనుక మంచుగాలికి వణకుచుండిరి. రూతు తెచ్చిన కంబళ్లు వారికి కప్పిరి. ప్రక్కన ఒక పరదేశపు స్త్రీ, తన పసిబిడ్డ వేరొక పడవలో పోయెనని ఏడ్చుచుండగా రూతు ఆమెను ఓదార్చెను. తన తల్లియు వేరొక పడవలోనే యుండెను గదా!

తెల్లవారుజాము 2.20 గంటలకు ఓడ మునిగిపోయెను. సుమారు 1,500 మంది చనిపోయిరి. ఉదయమున కార్పేథియా అను ఓడ వచ్చి పడవలలోనివారిని ఎక్కించుకొనెను. ఆ ఓడమీద వెదకగా వెదకగా రూతునకు తల్లి కనబడెను. ఏప్రిలు 18న వారు న్యూయార్కు చేరిరి. చంటివాడు బ్రదికి పెద్దవాడయ్యెను. మరుసటి సంవత్సరము తండ్రి వచ్చి వారిని కలిసికొనెను. రూతు బడిపంతులమ్మయై, చాలకాలము తన పిల్లలకైనను ఆ రాత్రి సంగతి చెప్పలేదు. ముసలితనములోనే నోరు విప్పెను. 1990లో, తొంబదియేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆమె అస్థికలను 1994లో టైటానికు మునిగిన చోటనే సముద్రములో కలిపిరి.

నేను ముగించితిని. మనుమరాలు కన్నులు తుడుచుకొనుచుండెను. అప్పుడు మా అక్క చింతపండు ప్రక్కకు పెట్టి అడిగెను: “తమ్మీ, ఆ పొల్ల మూడు కంబళ్లు తెచ్చిందంటివి. తనకేమన్న ఉంచుకున్నదా?”

నాకు నోట మాట రాలేదు.

1960లో మా నాయన పోయెను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. అమ్మ కూలికి పోయి మా ముగ్గురిని సాకవలసి వచ్చెను. ఒక బడి హాస్టలులో ఇద్దరు పిల్లలకు చోటున్నదని మా ఉపదేశిగారు చెప్పిరి. నాకు ఎనిమిదేండ్లు, తమ్మునికి ఆరు, అక్కకు పండ్రెండు. మాలో అక్షరములు ముందుగా నేర్చినది ఆమెయే. అయినను అమ్మ మమ్మిద్దరిని పంపి, “నువ్వు వచ్చే యేడు పోదువుగాని” అని అక్కకు చెప్పెను. ఆ వచ్చే యేడు ఎన్నడును రాలేదు. అక్క అమ్మ వెంట కలుపు తీయబోయెను.

మేము వెళ్లిన దినమున అక్క ఇంటిలోనున్న ఒకే గొంగడిని మడిచి నా భుజముమీద వేసెను. ఆ గొంగడిలో నేనును తమ్ముడును ఎన్నో చలికాలములు పండుకొంటిమి. నేను చదివితిని, పంతులునైతిని, హయత్‌నగరులో ఇల్లు కట్టుకొంటిని. దేవుడు నన్ను ఏ స్థితినుండి ఏ స్థితికి తెచ్చెనో సంఘములో లేచి ఎన్నోసార్లు సాక్ష్యము చెప్పితిని. హాస్టలు పేరు చెప్పితిని, ఉపదేశిగారి పేరు చెప్పితిని. అక్క పేరు ఒక్కసారియు చెప్పలేదు. ఆ చలికాలములలో ఆమె యేమి కప్పుకొనెనని అరువదేండ్లకు పైగా అడుగనే లేదు.

ఆ రాత్రి అడిగితిని. ఆమె నవ్వెను. “గోనెసంచి ఉండె గద తమ్మీ! దాంట్ల దూరి పండేదాన్ని. చలికాలం ఎన్ని దినాలుంటది?”

నేను మా అమ్మను నిందింపను. బెకరమ్మగారిని ఎవరు నిందింపగలరు? పడవ చిన్నది, బిడ్డలు ముగ్గురు. తల్లి చేయగలిగినది తల్లి చేసెను. నా తప్పు ఏమనగా, పడవలో చోటు దొరికినవాడనై, ఒడ్డు చేరిన తరువాతనైనను వెనుకకు తిరిగి చూడకపోవుట. నది యొడ్డున తమ్ముని జమ్ముపెట్టెకు కాపలా నిలిచిన బాలికను మనమందరము ఎరుగుదుము. ఆ అధ్యాయములో తమ్మునికి మోషేయని పేరు పెట్టబడినది; ఆ అక్క పేరు అక్కడ కనబడదు. ఆమె నిలువకపోయిన యెడల మోషేను తన తల్లియొద్దకే పెంచుటకు చేర్చువారెవరు?

టైటానికు మునిగిన తరువాత దేశములవారు 1914 జనవరిలో లండనులో కూడి, ఓడలో ఎందరున్నను అందరికిని పడవలలో చోటుండవలెనని ఒప్పందము వ్రాసికొనిరి. సముద్రముమీది పాత లెక్క అట్లు మారెను. మన యిండ్లలోని లెక్క మారినదా? పెద్దపిల్లను ఇంటిపనికి ఆపి చిన్నవానిని బడికి పంపు ఇల్లు మన సంఘములలో ఇప్పటికిని లేదా? “నీవు తరువాత” అని మనము చెప్పిన ఆ తరువాత ఎప్పుడు వచ్చును?

సహోదరులారా, సహోదరీలారా, మీ యింటిలోను కంబళ్లు తెచ్చి ఇతరులకు కప్పినవారొకరుందురు. అక్కయో, మేనత్తయో, మీ పెద్దకుమార్తెయో కావచ్చును. ఈ పత్రిక మూసి వారి ప్రక్కన కొంచెముసేపు కూర్చుండుడి. వారేమి కప్పుకొనిరో అడుగుడి. ఆడపిల్ల బడికి పోవలసిన వయస్సులో నున్నయెడల, ఈ యేడే పంపుడి.

మరునాడు విమానాశ్రయమునకు బయలుదేరునప్పుడు మనుమరాలు మొదట అక్క కాళ్లకు మ్రొక్కెను. తరువాతి ఆదివారము నేను సంఘములో లేచి నా సాక్ష్యమును మొదటినుండి మరల చెప్పితిని. ఈసారి గొంగడి సంగతియు చెప్పితిని. అక్క తల వంచుకొని కొంగుతో మొగము కప్పుకొనెను. ఇంటికి వచ్చుచు, నీకేమి కావలెనక్కా అని అడిగితిని. చాలసేపు ఆలోచించి చెప్పెను: “పిల్ల అమెరికకెల్లి ఫోను చేస్తే, ముందుగాల నాకియ్యి.”

ఇప్పుడు ప్రతి ఆదివారమును ఫోను మొదట ఆమె చేతికే పోవుచున్నది. ఆమె ప్రతిసారి అడుగు మొదటి మాట ఒక్కటే: “బిడ్డా, చలి పెడుతున్నదా? ఏం కప్పుకుంటున్నవు?”