కదిరిలో నువ్వు కట్టే లాడ్జి గురించి

అనంతపురం



కువైట్ నుంచి నువ్వు రాసిన జాబు అందింది. కదిరిలో గుడి దగ్గర లాడ్జి కడుతున్నానని, గదులకు తాళంచెవులు కాకుండా కార్డులే పెడతానని రాసినావు. చాలా సంతోషం. ఇన్నేండ్లుగా లాడ్జి కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

కార్డులే పెట్టు, వెనకాడొద్దు. ఇత్తడి చెవికి అరచేతంత చెక్కముక్క కట్టి ఇచ్చినా జనం మరిచిపోయి దాన్ని బస్సెక్కించేవాళ్లు. ఆ చెవి ఎవరి చేతికి పోయిందో, నకలు చేయించినారో లేదో మనకేం తెలుస్తుంది? మరుసటి రోజు అదే గదిలో ఒంటరిగా దిగిన ఆడమనిషికి ఏం భరోసా? ఈ చిక్కును 1970ల్లో నార్వేలో టోర్ సోర్నెస్ అనే ఆయన విప్పినాడు. ప్లాస్టిక్ కార్డు మీద 32 చోట్లు. ఎక్కడ రంధ్రం ఉంది, ఎక్కడ లేదన్నదే తాళానికి గుర్తు. దిగే మనిషి మారితే గుర్తూ మారుతుంది, పాత కార్డు చెల్లదు. తర్వాత అయస్కాంత పట్టీ కార్డులొచ్చినాయి. అవి కొనొద్దు, అయస్కాంతం ఉన్న ఫోను కవరు తగిలితే చెరిగిపోతాయి. లోపల చిప్ ఉండేవి తీసుకో, తాకిస్తే చాలు. తలుపు తాళం దాని బ్యాటరీలతోనే నడుస్తుంది, కరెంటు పోయినా తెరుచుకుంటుంది. ఆ బ్యాటరీలు చూసే పని మాత్రం ఒకరికి అప్పగించు.

నా బాధంతా తలుపు లోపలుండే చిన్న డబ్బా గురించి. కార్డు అందులో పెడితేనే గదికి కరెంటు. మనిషి బయటికి పోతే ఏసీ ఆగుతుంది, బిల్లు తగ్గుతుంది, మంచిదే. అయితే మన వైపు దిగేదెవరు? గుడి తేరు చూడ్డానికొచ్చే పల్లె జనం, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి రోగిని తెచ్చుకున్న బంధువులు, ధర్మవరం చీరల బేరగాళ్లు, పెనుకొండ కియా ఫ్యాక్టరీ పనిమీద వచ్చే కొరియావాళ్లు. కొరియా ఆయనకు డబ్బా సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, పల్లెవాళ్లకు మాత్రం చెప్పాల. మొన్న వేసవిలో ఒక పెద్దాయన, ఆయన భార్య దిగినారు. రూమ్ బాయ్ తలుపు తీసి, కార్డు చేతికిచ్చి వెళ్లిపోయినాడు. ఆయన దాన్ని పంచె మడతలో భద్రంగా దోపుకున్నాడు. పొద్దుగుంకినాక నేను పోయి చూస్తే ఇద్దరూ చీకట్లో, కిటికీ దగ్గర కూర్చుని కొంగుతో విసురుకుంటున్నారు. "కరెంటు పోయినట్టుంది, వస్తుందిలే సామీ" అన్నాడు. డబ్బులు కట్టి కూడా అడగడానికి మొహమాటపడినాడు చూడు, అది నాకు చాలా కష్టమనిపించింది. ఇప్పుడు మా దగ్గర ఎవరు దిగినా కుర్రాడు వెంట పోవాల, కార్డు వాళ్ల చేతనే పెట్టించాల, ఫ్యాను తిరిగినాకే కిందికి రావాల. నీ దగ్గరా ఇది కట్టుదిట్టంగా పెట్టు.

ఫ్రిజ్జు, మంచం పక్కన ఒక ప్లగ్గు మాత్రం ఆ డబ్బాకు సంబంధం లేకుండా నేరు లైనులో ఉండాల. చక్కెర జబ్బువాళ్లు ఇన్సులిన్ ఫ్రిజ్జులో పెట్టి, కార్డు తీసుకుని ఆసుపత్రికి పోతారు. మన ఎండలకు సాయంత్రానికి ఆ మందు ఏమవుతుందో ఆలోచించు.

ఇక నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మనది. స్నానాల తొట్టి ఆలోచన మానుకో, పెద్ద బకెట్టు, మగ్గు చాలు. మిద్దె మీద సోలార్ హీటరు పెట్టు, ఎండకేం కరువు? అయితే పైపు దూరమైతే వేడినీళ్లు వచ్చేలోపు బకెట్లకు బకెట్లు చన్నీళ్లు కాలవపాలవుతాయి. బాత్రూములన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు కట్టించు. గీజరు కూడా పెడితే, బోరు నీళ్లకు దాని కాయిల్ మీద తెల్లగా గట్టి పొర కడుతుంది, ఏటా విప్పించి కడిగించాల. తాగే నీళ్లు వేరేగా పెట్టు. సత్యసాయి ట్రస్టు 1990ల్లో ఏడు వందలకు పైగా పల్లెలకు మంచినీళ్లు ఇచ్చేదాకా ఫ్లోరైడు నీళ్లే గతి అయిన ప్రాంతం ఇది. మనవాళ్లు గదిలోకి రాగానే మొదట అడిగేది తాగే నీళ్లు ఎక్కడివనే.

గోడలు పూయకముందే ఆ నేరు లైను సంగతి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి చెప్పు. ప్లాను నాకు పంపితే ఆదివారం కదిరికి పోయి దగ్గరుండి చూసొస్తాను.

ఇట్లు
నీ స్నేహితుడు