గోళీ - రెక్క

చిన్ననాడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో నాన్నగారు నాకు బాగటెల్ పలక కొనిపెట్టారు. గోళీని కొట్టి వదలితే మేకుల నడుమ దొర్లి, తనకు తోచిన గడిలో పడేది. నేను ఇంటర్ చదివే ఏడు మా వరిచేను నీట మునిగింది. “మన బ్రతుకూ ఆ గోళీయేరా!” అని ఆయన నిట్టూర్చారు.

ఆ వారమే కైకలూరులో ఒక కంప్యూటరుపై పిన్‌బాల్ ఆట చూశాను. అదీ బాగటెల్ సంతతియే. కాని జారే బంతిని పైకి కొట్టడానికి అడుగున రెండు రెక్కలున్నాయి. 1947 నాటి ‘హంప్టీ డంప్టీ’ యంత్రంతో ఆ విద్యుత్ రెక్కలు వచ్చాయి. 1992లో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రం సినిమా పాత్రలను పలకపై నిలిపింది. బొమ్మలెన్ని మారినా రెక్కలు ఆటగాని చేతిలోనివే.

నాన్నగారిచేత ఆడించాను. బంతి జారింది, కొట్టారు. మళ్లీ జారింది, మళ్లీ కొట్టారు. చివరకు పడిపోయింది. “పడనీరా, కొట్టాం కదా!” అని నవ్వారు. మరునాడే మళ్లీ విత్తనాలు నానవేశారు.