పందెం కారుకు మొదట కావలసింది

నా దగ్గర ఒక పాత మారుతి 800 కారు ఉంది. మొదటి మారుతి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. చిన్న ఇంజను, తేలికైన ఒళ్ళు, తక్కువ ఖర్చు. బడిపంతులుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ కారు మీద మా మనవడి కన్ను పడింది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటలో 1990లో మొదలైన పందేల బాట ఉంది. చుట్టూ తిరిగితే 3.7 కిలోమీటర్లు. కొన్ని రోజుల్లో రుసుము కట్టి మామూలు కార్లవాళ్ళు కూడా అక్కడ తోలుకోవచ్చు.

"తాతా, మన కారు ఇస్తే నేనూ వెళతాను," అన్నాడు.

"ఈ డొక్కు కారుతో పందేలేమిటిరా?" అన్నాను.

వాడు కోయంబత్తూరు కరివర్ధన్ గారి సంగతి చెప్పాడు. ఆయన మారుతి 800 ఇంజనుతోనే తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే పందెం కారు తయారుచేశారు. 2005లో ఫార్ములా వన్‌కు చేరిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ కూడా తొలి పందెం ఫార్ములా మారుతితోనే నడిపాడట! నేను "సరే" అనబోయాను. అంతలో నల్లమల నాకొక పాఠం చెప్పింది.

ఆ వారంలోనే ఇద్దరం నంద్యాలలో పెళ్ళికి వెళ్ళాం. తిరిగి వస్తూ కనుమ దాటి దిగువమెట్ట వైపు దిగుతున్నాం. తోలుతున్నది నేనే. దారి పొడుగునా బ్రేకు మీద కాలు తీయలేదు. కొంత దూరం దిగేసరికి పెడలు దూదిమూటను తొక్కినట్టు లోపలికి పోయింది. కారు ఆగలేదు! ఒక పక్క లోయ, మరో పక్క మనవడు. నా నోరు ఎండిపోయింది. పెడలును గబగబా నాలుగుసార్లు తొక్కి, గేరు మూడుకూ, తరవాత రెండుకూ దించి, చేతిబ్రేకు మెల్లగా లాగాను. కారు కొండవైపు గట్టును రాసుకుంటూ ఆగింది. పక్క అద్దం పోయింది, ప్రాణాలు దక్కాయి.

చిత్రమేమిటంటే, అరగంట చల్లారాక పెడలు మళ్ళీ గట్టిపడింది. గిద్దలూరులో మెకానిక్కు చూసి, "సారూ, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్పించారు?" అని అడిగాడు. ఇంజను ఆయిలు వేళకు మార్పించేవాణ్ణి. బ్రేకు ఆయిలు మాత్రం తగ్గినప్పుడు పోయించానే గాని ఏనాడూ మార్పించలేదు.

పెడలు మీద మన కాలి ఒత్తిడిని సన్నని గొట్టాల గుండా చక్రాలకు చేర్చేది ఈ ఆయిలే. ద్రవం నొక్కితే కుదించుకుపోదు గనక ఆ పని చేయగలుగుతుంది. కాని ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని నియమం. తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. దిగుడులో బ్రేకులు కాగి, నా పాత ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు లేచాయి. ఆవిరి నొక్కితే అణిగిపోతుంది. నా కాలి బలమంతా ఆ బుడగలను అణచడానికే సరిపోయింది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైంది.

ఇంటికి వచ్చాక మా మార్కాపురం పలక మీద మనవడికి ఒక లెక్క వేసి చూపాను. వేగం గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి పెరిగితే రెట్టింపు. కాని కారును ఆపడానికి బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి 2×2, అంటే నాలుగింతలు! పందేల బాటలో చుట్టు చుట్టుకూ ఈ పని మళ్ళీ మళ్ళీ చేయాలి.

మనవడు పెద్ద మోత చేసే సైలెన్సరు కోసం డబ్బు దాచుకున్నాడు. ఆ డబ్బుతో బ్రేకు ఆయిలు, బ్రేకు ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు, టైర్లు మార్పించాం. ఆయిలు మార్చిన తేదీ పలక మీద రాసి కారు షెడ్డులో వేలాడదీశాం. రెండేళ్ళకొకసారి అది చెరిపి కొత్త తేదీ రాయాలి.

అప్పుడు కారు ఇచ్చాను. చెన్నై నుంచి వాడు తిరిగి రాగానే, "ఎంత వేగం పోయావురా?" అని అడిగాను.

"అది తరవాత చెబుతాను, తాతా. చివరి చుట్టు దాకా పెడలు గట్టిగానే ఉంది!" అన్నాడు.