తలలు లెక్కపెడితే సరిపోతుందా?

అమెరికాలో హైస్కూలు ఆటలకి ఎంత విలువుందో తెలియాలంటే చిన్న ఊళ్లు చూడాలి. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఉందంటే ఊళ్లో సగంమంది మైదానంలోనే ఉంటారు. మూడొందలమంది పిల్లలున్న బడి మూడువేలమంది ఉన్న బడితో తలపడలేదు కాబట్టి, చాలా రాష్ట్రాల్లో ఆటల సంఘాలు విద్యార్థుల సంఖ్యను బట్టి స్కూళ్లను డివిజన్లుగా విడగొడతాయి. కుస్తీలో బరువు చూసి జోడీ కట్టినట్టన్నమాట. వినడానికి న్యాయంగానే ఉంది కదా?

పేచీ ఎక్కడొస్తుందంటే, చిన్న స్కూళ్ల డివిజన్లో ప్రైవేటు కాథలిక్, క్రిస్టియన్ స్కూళ్లు కూడా ఆడతాయి. ఇక్కడ పబ్లిక్ స్కూలంటే సర్కారు బడే. మామూలుగా దానికో హద్దు ఉంటుంది, ఆ హద్దులో ఉన్న పిల్లలే దాని జట్టు. ఊళ్లో ఆ ఈడు పొడుగు కుర్రాళ్లు లేకపోతే బాస్కెట్‌బాల్ కోచ్ చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. పట్నంలోని చర్చి స్కూలుకి అలాంటి గీత లేదు. నాలుగు ఊళ్ల అవతలినుంచి కూడా పిల్లలు రావచ్చు. ఇద్దరి రిజిస్టర్లోనూ మూడొందల పేర్లే, కానీ ఒకరివి ఊళ్లో ఉన్నవాళ్ల పేర్లు, రెండోవారివి కావాలని వచ్చినవాళ్ల పేర్లు.

అలాగని చర్చి స్కూళ్లన్నిటినీ ఒకే గాటన కట్టేయడం తప్పు. ఎనభైమంది పిల్లలతో, విరాళాలతో నెట్టుకొచ్చే బడులున్నాయి. అక్కడికి పిల్లల్ని పంపేవాళ్లు సర్కారు బడికి పన్నూ కడతారు, ఇక్కడ ఫీజూ కడతారు. వాళ్లు కప్పుల కోసం కాదు, ప్రార్థన కోసం పంపుతున్నారు.

ఈ చిక్కుకి ఒక్కో రాష్ట్రం ఒక్కో మందు వేసింది. టెక్సాస్‌లో పబ్లిక్ స్కూళ్ల సంఘం ప్రైవేటువాళ్లని దాదాపుగా రానివ్వదు. డాలస్, హ్యూస్టన్‌లలోని రెండు జెసూట్ స్కూళ్లు మాత్రం అందులో ఆడతాయి, అదీ పెద్ద స్కూళ్ల మధ్య. ఇల్లినాయ్ 2005లో గుణకారం మొదలుపెట్టింది. హద్దుల్లేని స్కూల్లో ఐదొందలమంది ఉంటే 1.65తో హెచ్చవేసి 825 అని రాసుకుంటారు. ఒకే గుణకారంతో గెలిచేవాడికీ ఓడేవాడికీ ఒకే వాత పడింది. తర్వాత గెలుపుల్లేని జట్లకి మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది. టెనెసీలో గొడవ ఏకంగా సుప్రీం కోర్టుకెళ్లింది. బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే క్రిస్టియన్ స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఎనిమిదో తరగతి పిల్లలకి ఉత్తరాలు రాస్తే సంఘం శిక్ష వేసింది. పదేళ్లు నడిచిన ఆ వ్యాజ్యంలో 2007లో కోర్టు సంఘం వైపే తీర్పిచ్చింది.

నాకు బాగా నచ్చింది ఇండియానా దారి. 1954లో 161 మంది పిల్లలున్న మైలన్ స్కూలు, ఎన్నో రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ని 32-30తో ఓడించి రాష్ట్ర బాస్కెట్‌బాల్ కప్పు కొట్టింది. హూసియర్స్ సినిమాకి ఆధారం ఆ కథే. అప్పట్లో అందరికీ ఒకే టోర్నమెంటు. 1997లో బాస్కెట్‌బాల్‌నీ డివిజన్లు చేశారు. 2012లో ఇంకో నియమం తెచ్చారు: పబ్లిక్ అయినా ప్రైవేటైనా, ఏ ఆటలో జట్టు వరసగా బాగా గెలుస్తుందో ఆ ఆటలో మాత్రం పై డివిజన్‌కి వెళ్లాలి. గోడమీద శిలువ ఉందా లేదా అని అడగరు, కప్పులెన్నని అడుగుతారు. లోపం లేకపోలేదు. అన్నలు గెలిచి వెళ్లిపోతే తమ్ముళ్లు పెద్దవాళ్ల చేతిలో దెబ్బలు తింటారు. అయినా పేరు చూసి వేసే శిక్షకంటే ఇది మేలు.

ఎందుకంటే అసలు తేడా మతంలో లేదు, ఎంచుకునే వీలులో ఉంది. ఆ మాటకొస్తే పబ్లిక్ స్కూళ్లన్నీ ఒకటేనా? మనవాళ్లం ఇల్లు కొనేముందు వంటగదికంటే ముందు చూసేది స్కూలు రేటింగు. లక్ష డాలర్లు ఎక్కువైనా సరే ఆ హద్దులోనే కొంటాం. అది ఫీజు కాక మరేమిటి? నెలనెలా బ్యాంకుకి కడుతున్నాం, అంతే తేడా. మిన్నెసోటా, ఒరెగాన్ లాంటి చోట్ల బడిలోని పేద పిల్లల సంఖ్యను బట్టి లెక్కలో కొంత తగ్గిస్తారు. వేసవి శిక్షణకి డబ్బు కట్టలేని పిల్లాణ్ణీ, కట్టగలిగినవాణ్ణీ ఒకే తలగా లెక్కపెట్టడం కుదరదని వాళ్లు గ్రహించారు.

మనకిది కొత్తేమీ కాదు. పదో తరగతిలో ఫస్టొచ్చిన పిల్లాణ్ణి ఫీజు తగ్గించి తీసుకెళ్లి, తర్వాత వాడి ర్యాంకుని పేపర్లో తమ ఘనతగా వేసుకునే కార్పొరేట్ కాలేజీలను మనం చూడలేదా? వాడు పోయాక పల్లెటూరి జూనియర్ కాలేజీలో ఫలితాలు తగ్గితే అక్కడి లెక్చరర్లని తిట్టాం.

కప్పు గెలిచినవాళ్లు కష్టపడలేదని కాదు. పదహారేళ్ల పిల్లలు, కాథలిక్కులైనా కాకపోయినా, ఒళ్లు దాచుకోకుండా ఆడతారు. వాళ్లకి న్యాయం చేయాల్సింది నియమాలు రాసే పెద్దవాళ్లే. ఓడిన పిల్లాడు ఇంటికెళ్లేటప్పుడు, అవతలివాళ్లు మాకంటే బాగా ఆడారు అనుకోగలగాలి. ఆట మొదలవకముందే అయిపోయింది అనుకోకూడదు.