దీవిలో పొయ్యి ఉన్న ఇల్లు
సింగపూర్ ఉక్కపోతలో చలి కాచుకునే పొయ్యి ఎందుకండీ? పులావ్ ఉబిన్ దీవిలోని ‘హౌస్ నంబర్ 1’ చూస్తే ముందు ఈ ప్రశ్నే వస్తుంది. 1930ల్లో బ్రిటిష్ చీఫ్ సర్వేయర్ లాంగ్డన్ విలియమ్స్ సెలవులు గడపడానికి ఇంగ్లండ్ ట్యూడర్ పద్ధతిలో కట్టించుకున్న ఇల్లిది. సొంతూరి మీద బెంగ కాబోలు, పొయ్యి కూడా పెట్టించాడు!

పక్కనే చెక్ జావా తీరం. దాన్ని పూడ్చి నేల చేయాలనుకున్నారు. ఈ సంగతి తెలిశాక, సముద్రం తగ్గిన వేళ ఇసుకలో తేలే నక్షత్ర చేపల్ని చూడ్డానికి జనం ఎగబడ్డారు. 2001 డిసెంబర్‌లో పని ఆపారు. రద్దు కాదు, వాయిదా మాత్రమే. 2003లో ఇంటికీ రక్షణ దక్కింది. ఇప్పుడది సందర్శకుల కేంద్రం.

చాంగీ పాయింట్‌లో బంబోటు ఎక్కాలి. 12 మంది పోగయ్యాకే కదులుతుంది, మన షేర్ ఆటోలాగా. పోటు వేళకు వెళ్తే మాత్రం కనిపించేది నీళ్లే.