రిస్క్ లీడ్‌ది కావాలి

టీమ్ లీడ్ అయిన కొత్తలో నాకు అందిన సలహాలన్నీ ఒకేలా ఉండేవి. క్లయింట్‌కి ‘కుదరదు’ అని చెప్పకు. తెలియకపోయినా తెలిసినట్టే ఉండు. మేనేజర్ దగ్గర మంచి అనిపించుకో. రెండేళ్లలో నాకు అర్థమైంది వేరు. లీడ్ ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటే, టీమ్ ఇంకా బిగుసుకుపోతుంది.

మా స్టాండప్ మీటింగే తీసుకోండి. రోజూ పావుగంట. అందరిదీ ఒకటే పాట, ‘నిన్న ఇది చేశా, ఇవాళ అది చేస్తా, ఇబ్బందులేం లేవు’. రెండు వారాల స్ప్రింట్ అంటే పది పనిదినాలు. తొమ్మిదో రోజు దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. పదో రోజు అసలు సంగతులు బయటికొస్తాయి!

‘ఏదైనా ఉంటే భయపడకుండా చెప్పండి’ అని ఎన్నిసార్లు అన్నా లాభం లేకపోయింది. అందుకే ముందు నేనే మొదలుపెట్టా. ఒకరోజు అందరి ముందూ, ఏడాది క్రితం చేరిన కుర్రాణ్ని అడిగా, ‘ఈ మాడ్యూల్ నాకు తెలీదు, ఓ గంట నేర్పిస్తావా?’ అని. లీడ్‌కే తెలీదట అని నవ్వుకుంటారేమోనని లోపల పీకుతూనే ఉంది. ఎవరూ నవ్వలేదు.

అసలు పరీక్ష మార్చిలో వచ్చింది. అప్రైజల్స్ నడుస్తున్నాయి. శుక్రవారం రిలీజ్. బుధవారం మా టీమ్‌లో చిన్నమ్మాయి పక్కకు పిలిచి, ‘అన్నా, రీఫండ్ కేసులు పూర్తిగా టెస్ట్ చెయ్యలేదు’ అంది. సాయంత్రం క్లయింట్ కాల్‌లో మేనేజర్ కూడా ఉన్నారు. ‘ఈ శుక్రవారం వద్దు. నిర్ణయం నాది’ అన్నా. ఆమె పేరు ఎత్తలేదు. తర్వాతి నాలుగు రోజుల టెస్టింగ్‌లో, ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు వెనక్కి వెళ్లే బగ్ దొరికింది.

అయినా నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. ‘క్లయింట్‌తో ఇంకాస్త సర్దుకుపోవాలి’ అని రాశారు. హైక్ వస్తుందని హోమ్‌లోన్ లెక్కలు వేసుకున్నవాడికి అది చిన్న దెబ్బేం కాదు. కానీ ఇప్పుడు మా స్టాండప్‌లో రెండో రోజే ‘ఇక్కడ ఇరుక్కుపోయా’ అనే మాట వినిపిస్తోంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో రాసిన పరిశోధన పత్రంలో దీన్నే ‘సైకలాజికల్ సేఫ్టీ’ అన్నారు. నోరు విప్పితే పరువు పోదన్న నమ్మకం టీమ్‌లో అందరికీ ఉండటం. మన శ్రీహరికోటలో అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒకాయన అది చేసి చూపించారు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తలకెత్తుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. 1980 జులై 18న విజయం దక్కినప్పుడు మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు.

చివరగా ఒక్క మాట. ‘శని, ఆదివారాలు కూడా పనిచేసి ఇచ్చేస్తాం సర్’ అని క్లయింట్‌కి మాటివ్వడాన్ని కొందరు ధైర్యం అనుకుంటారు. అక్కడ ఖర్చయ్యేది టీమ్ సెలవులు, మిగిలేది లీడ్ పేరు. మీరు రిస్క్ తీసుకునే ముందు ఒక్కటే చూసుకోండి. తేడా వస్తే నష్టపోయేది ఎవరు? మీరే అయితే, ధైర్యంగా ముందుకెళ్లండి.