నీళ్లెటు పోతే సైకిలటు

ఏం సార్, ఇంక లేవలేదా? పొద్దు మన నిజామాబాద్ కంఠేశ్వర్ గుడి శిఖరం మీదికొచ్చింది, మీరింక దుప్పట్లనే ఉన్నరు! నేనైతే టైర్లు నొక్కి చూసుకున్న, చైనుకు రెండు చుక్కల నూనె ఏసిన, సీసాల నీళ్లు నింపిన. జర గోడకాడికి రాండ్రి. ఓ ముచ్చట చెప్త.

టీవీల ఫ్రాన్స్ సైకిళ్ల పందెం చూస్తరు గదా? అదే, 1903ల మొదలైన టూర్ ద ఫ్రాన్స్. ఆ పందెం సంగతి పక్కకు పెట్టుండ్రి. ఆ దేశంల పందెం లేకుంట తొక్కేటోళ్లున్నరు చూడుండ్రి, నాకు వాళ్ల ముచ్చటంటే పానం. ఎనుక రెండు సంచులు కట్టుకొని ముసలోళ్లు, ఆలుమొగలు, పిల్లలు ఊర్ల నడుమకెల్లి, ద్రాక్ష తోటల పొంటి నిమ్మలంగ పోతుంటరు. లువార్ నది పొంటి సైకిళ్ల కోసం 900 కిలోమీటర్ల తొవ్వ గీసిపెట్టిన్రు. దక్షిణం దిక్కు కెనాల్ దు మిది అని ఓ పాత కాలువ. పియర్ పాల్ రికే అనే ఆయన పట్టువట్టి 1666ల తవ్వుడు మొదలువెట్టిచ్చిండు. 1681ల పడవలు నడిచినయి. అది చూడకుంటనే కొన్ని నెలల ముందు ఆయన పోయిండు, పాపం! 240 కిలోమీటర్ల కాలువ సార్. అప్పట్ల గుర్రాలు ఒడ్డు మీద నడుసుకుంట పడవలను తాళ్లతోని గుంజేటివి. ఆ గుర్రాల బాటల మీదనే ఇప్పుడు సైకిళ్లు పోతున్నయి.

బాగుంది గని మనకెందుకంటరా? ఇగో, మీతోని ఇదే పంచాయితి! మనకు లేదా కాలువ?

1923ల పని మొదలువెట్టి 1931 కల్లా మంజీర మీద నిజాంసాగర్ కట్టిన్రు. కట్టిచ్చిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జులై 11నాడే తెలంగాణ ఇంజినీర్ల దినం జరుపుకుంటం. ఆ నీళ్లతోని బాన్సువాడ, వర్ని, బోధన్ దిక్కు పొలాలు పారినయని అందరికెరికే. పనిల పనిగ నాకూ మీకూ సైకిల్ తొవ్వ దొరికిందని నేనంటున్న.

ఎట్లనంటరా? నిజాంసాగర్ కాలువకు మోటరు లేదు. కట్ట కాడ ఇడిసిన నీళ్లు వాటంతట అవే జారుకుంట రావాలె. అందుకని నేల ఎత్తువంపులు కొలుసుకొని, గుట్ట అడ్డమొస్తే దాని సుట్టు తిప్పి, కండ్లకు ఆనని వాలుతోని తవ్విన్రు. గట్టు దాని పొంటే నడుస్తది. అంటే ఏందన్నట్టు? ఎక్కుడు లేదు, దిగుడు లేదు. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పేటోళ్లు (మిమ్మల్నే!) ఇనాలె ఈ మాట.

సరే, బయలెల్లుదాం. రథసప్తమికి రథం తిరిగే గల్లీలు దాటి, రైల్వే స్టేషన్ దిక్కుకెల్లి, అర్సపల్లి మీదికెల్లి బోధన్ రోడ్డు పట్టుకోవాలె. బోధన్ 25 కిలోమీటర్లకు అటు ఇటు. సారంగాపూర్ల హనుమంతుని గుడి. సమర్థ రామదాసు నిలిపిండని పెద్దలు చెప్తరు. ఓ దండం పెట్టి కదులుండ్రి. జానకంపేట కాడ ఇంత ఆగాలె. ఆడ లక్ష్మీనర్సింహస్వామి గుడికి ఎనిమిది మూలల కోనేరుంది. అష్టముఖి కోనేరంటరు. మెట్ల మీద కూసొని ఒక్కో మూల లెక్కపెట్టుండ్రి, పానం సల్లవడ్తది. అశోక్‌సాగర్ల నీళ్ల నడుమ సరస్వతమ్మ కనవడ్తది. ఫోటో దిగుతరా? దిగుండ్రి. గని పది ఫోటోలు దిగితే నేను పోత!

తొవ్వల ఊర్లన్ని పొద్దుగాల్నే లేస్తయి. మాఘ మాసం దాటినంక వొస్తే ముక్కుకే తెలుస్తది, ఈడ పసుపు ఉడుకవెడ్తున్నరని. ఉడికిన కొమ్ములను కల్లంల ఆరవోస్తే నేలంత పచ్చగైతది. అదే నవంబర్, డిసెంబర్లయితే మంచు. చేతులకు రుమాలు చుట్టుకొని తొక్కాలె, అప్పుడే మజా. ఎండకాలం మాత్రం వొద్దు సార్. రోహిణి కార్తెల మన దిక్కు సైకిల్ తీసుడంటే పానాలతోని ఆటే.

అలీసాగర్ కాడ తప్పకుండ దిగాలె. నిజాంసాగర్ నాటిదే అదీ. చెరువు, తోట, జింకలు, గుట్ట మీద పాత గెస్ట్ హౌస్. గుట్ట మీదికి సైకిల్ నూకుకుంటనన్న పోండ్రి. పైనకెల్లి చూస్తే అడివి, నీళ్లు, ఆవల వరి పొలాలు ఒక్కసారి కనవడ్తయి. చివరి భూములకు నీళ్లు అందుతలేవని ఈ మధ్యకాలంల కోస్లి కాడ గోదారి నీళ్లు ఎత్తిపోస్తున్నరు. అలీసాగర్ లిఫ్టంటే అదే. మంజీర కాలువల గోదారి నీళ్లన్నట్టు!

ఇగ అసలు సుఖం కాలువ గట్టు. ఎడపల్లి దిక్కు యాడ వీలైతే ఆడ ఎక్కుండ్రి. కొంతదూరం మొరం, కొంతదూరం మట్టి. వానకాలం మాత్రం బురద పట్టి మడ్‌గార్డు జాం అయితది. యాసంగిల నీళ్లిడిసినప్పుడే రావాలె. తూము కాడ ఆగి చూడుండ్రి. లష్కర్ వొచ్చి ఇనుప చక్రం తిప్పుతడు. కిర్రుకిర్రుమంట షట్టర్ జానెడు లేస్తది. ముందుగాల ఎండుటాకులు, ప్లాస్టిక్ సీసాలు, నురగ కొట్టుకొస్తయి. ఆ ఎనుక తేట నీళ్లు సుడి తిరుక్కుంట చిన్న కాలువల పడ్తయి. కొంగలు ఎక్కడికెల్లొస్తయో గని లైన్ల నిలవడ్తయి. మీరు సుత అట్లనే నిలవడ్తరు. గంట అయిందని ఎవరో చెప్తే గని యాదికి రాదు.

పంచర్ అయితే? అయితే కానీయుండ్రి! ఊరి సైకిల్ దుకాణం కాడ కూసునుడు ఓ పండుగ. ట్యూబుకు గాలికొట్టి తొట్టి నీళ్లల్ల ముంచి తిప్పుతడు. సన్నగ బుడగలు లేసినకాడ పుల్లతోని గుర్తువెట్టి, ఆకురాయితోని గీకి, సొల్యూషన్ రాసి, నోటితోని ఊది, ప్యాచ్ ఒత్తుతడు. ఈలోపల నలుగురు చేరి, ఏ ఊరు, ఎందుకు తొక్కుతున్నరు, మోటర్ సైకిల్ లేదా అని అడుగుతరు. ఉందని చెప్తే ఇంత వింతగ చూస్తరు! ఆ చూపు కోసమైనా రావాలె మీరు.

తిండి ముచ్చట మర్సిన్నా? మర్వలేదు. ఫ్రాన్స్‌ల పాల్ ద వివీ అని ఓ పెద్దమనిషి ఉండె. వెలోసియో అంటే అందరికెరిక. సేంట్ ఎతియెన్ పట్నంల పట్టు యాపారం చేసుకుంట, 1887ల సైకిల్ పత్రిక పెట్టిండు. ఊర్లు తిరిగేటోళ్లకు ఆయన కొన్ని నియమాలు చెప్పిండు. ఆకలి కాకముందే తినాలె, దూప కాకముందే తాగాలె. గొప్పకోసం తొక్కద్దు. ఎంత మంచి మాటలు! మనమైతే మొదటి మాటను ఎక్కువనే పాటిస్తం. ఎడపల్లిల చాయ్, మిర్చీలు. బోధన్‌ల మళ్ల చాయ్, చుడువ. అంకాపూర్ నాటుకోడి కావాలంటరా? అది ఆర్మూర్ రోడ్డు సార్, ఇటు పోయేటోణ్ని అటు గుంజకుండ్రి! దానికో ఆదివారం వేరే పెట్టుకుందాం.

అసలు బోధన్‌కు తిండికి పాత చుట్టరికముంది. బకాసురుని ఏకచక్రపురం ఇదేనని మనోళ్ల నమ్మకం. రాకాసిపేట అని ఓ పేట సుత ఉన్నది. బండెడు బువ్వ తోలుకపోయి, రాక్షసుని ముందటనే కూసొని తిన్నడు భీముడు. 25 కిలోమీటర్లు తొక్కొచ్చినోనికి ఆ కథ శానా దగ్గరగ అనిపిస్తది. ఇంకా ఎనుకకు పోతే, పదహారు మహాజనపదాలల్ల దక్షిణాన ఉన్న అస్మకకు రాజధాని పోదన ఈ ఊరే అంటరు చరిత్రకారులు.

శక్కర్‌నగర్ ముందట మాత్రం నేను మెల్లగ తొక్కుత. నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1937ల పెట్టింది, ఒకప్పుడు ఆసియల్నే పెద్దదని చెప్పుకున్నది. చెరుకు బండ్లు, లారీలు లైన్ కడ్తే రోడ్డుకు జాగ లేకుండె. పోరగాండ్లు ఎనుకనుంచి గడలు గుంజేటోళ్లు. గానుగ నడిచినన్ని రోజులు ఊరంత మడ్డి వాసన. 2015 డిసెంబర్ల తాళం పడ్డది. మళ్ల పొగ రావాలె సార్. ఆ చెరుకు బండ్ల ఎనుక నిదానంగ సైకిల్ తొక్కాలెనని నాకు మస్తు ఆశ.

కాళ్లల్ల ఇంక సత్తువుందా? ఉంటే రెంజల్ మీదికెల్లి కందకుర్తి పోదాం. నల్లరేగడి నేల, సోయా చేన్లు, మంజీర గాలి. ఆడ గోదారి, మంజీర, హరిద్ర మూడు కలుస్తయి. నీళ్లు తగ్గితే నదిల పాత రాతి శివాలయం బయటవడ్తది, వరదొస్తే మునుగుతది. బ్రిడ్జి దాటితే మహారాష్ట్ర. హోటల్ల చాయ్ అడిగితే తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు ఒక్కసారి ఇనవడ్తయి. ఆ దిక్కే ధర్మాబాద్, ఎర్ర మిర్చీల మార్కెట్. ఇంట్ల అక్కను అడిగి రాండ్రి, ఈ ఏడు తొక్కుకు ఎన్ని కావాల్నో. క్యారియర్‌కు సంచి నేను కడ్త.